ఇంట్లోనే సెల్ఫ్ మోటార్ – 4వ పాఠం: బల్ల మీద తిరిగింది, బండిలో తిరగదేం?

పోయిన పాఠంలో కారు ఇంజన్‌ను తిప్పి లేపే సెల్ఫ్ మోటార్ విప్పి, బల్ల మీద జంపర్ కేబుళ్లతో తిప్పి చూశాం. ఈసారి లెక్కప్రకారం బిగింపు పాఠం. కానీ అప్పుడే బిగించేసినవాళ్లు చాలామంది ఒక్కచోటే ఇరుక్కున్నారు. బల్ల మీద గిర్రున తిరిగిన మోటార్ బండిలో పెట్టాక ‘టక్’మని ఊరుకుంటోంది. దాంతో మళ్లీ విప్పి, బాగున్న కార్బన్లు (మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) కూడా మార్చేశారు. ఇక విప్పకండి. బిగింపు సంగతి మీకు తెలిసిందే, విప్పిన వరసకు తిరగేసిందే.

బల్ల మీద మోటార్‌కు బరువు లేదు, చిన్న పెట్రోలు కారు మోటార్ అయితే 50 ఆంపియర్ల చుట్టుపక్కలతో తిరిగేస్తుంది. ఇంజన్‌ను తిప్పాలంటే 100 నుంచి 150 కావాలి, మొదటి కుదుపులో ఇంకా ఎక్కువే. పైగా బల్ల మీద కరెంటు మీ జంపర్ కేబుళ్లలో పారింది, బండిలో బండి కేబుళ్లలో పారాలి. అంటే మీరు పరీక్షించింది మోటార్‌ని, దారిని కాదు.

ఇక్కడే అందరూ చేసే తప్పు. మీటర్ పెట్టి, 30 నంబరు టెర్మినల్ (బ్యాటరీ నుంచి లావు కేబుల్ వచ్చి చేరే బోల్టు) దగ్గర 12.5 వోల్టులు చూసి, ‘కరెంటు వస్తోంది, కేబుల్ బాగుంది’ అని తీర్మానం. ఆ రీడింగుకు విలువ లేదు. తోటకు నీళ్లు పెట్టే పైపు మధ్యలో కాలేసి తొక్కండి. కొస మూసి ఉంచితే కొస దగ్గర కూడా పైపు బిగుసుకునే ఉంటుంది. కొస వదలండి, సన్నటి ధార. మీటర్ తాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, కాబట్టి అది ఎప్పుడూ కొస మూసిన పైపునే చూస్తుంది. కేబుల్‌లో ఒక్క రాగి పోగు మిగిలినా 12.5 చూపిస్తుంది. పోనీ ఓమ్స్‌లో పెట్టి చూస్తామంటారా? 0.01 ఓమ్ నిరోధం 150 ఆంపియర్ల దగ్గర 1.5 వోల్టులు మింగేస్తుంది. మామూలు మీటర్ రెండు తీగలు ఒకదానికొకటి ఆనించినా 0.2 చూపిస్తుంది. అది ఆ 0.01ని ఏం పట్టుకుంటుంది?

అందుకని సెల్ఫ్ కొడుతూ, ఎంత వోల్టేజీ దారిలో పోతోందో చూడాలి. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ బిగించి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయండి, ఇంజన్ అందుకోకూడదు. తాళం తిప్పడానికి ఒక మనిషి, మీటర్ 20 వోల్టుల డీసీలో.

ముందు బ్యాటరీ. ఊరికే ఉన్నప్పుడు 12.4కి తక్కువుంటే చార్జి చేశాకే మిగతా పని. సెల్ఫ్ కొడుతుండగా 9.6కి కిందికి పడిపోతే తప్పు బ్యాటరీది కావచ్చు, లేదా బిగుసుకుపోయి కరెంటు అతిగా లాగుతున్న మోటార్‌ది.

తర్వాత ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగెళ్లే దారి. నేనైతే ప్లస్ వైపు వెళ్లే ముందు ఎప్పుడూ దీన్నే చూస్తాను. మీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్ సీసపు దిమ్మ మీద (క్లాంపు మీద కాదు, రెండింటి మధ్యే తెల్లటి పొట్టు దాక్కుంటుంది), ఇంకో కొస మోటార్ ఒంటి మీద, రంగు లేని చోట. తాళం తిప్పినప్పుడు 0.2 వస్తే మంచిది, 0.5 దాటితే దొంగ దొరికినట్టే. రిపేరు చేసి అమ్మే మోటార్లకు చెవులతో (గేరుబాక్స్‌కు బోల్టులు బిగించే చోట్లు) సహా నల్ల రంగు కొడతారు. మోటార్‌కు ఎర్త్ వచ్చేది ఆ చెవుల గుండానే. చెవి ఆనే ముఖాన్నీ, గేరుబాక్స్ వైపు ముఖాన్నీ ఎమరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్దండి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిక ఎర్త్ పట్టీ పచ్చబడితే మార్చేయండి. అడ్డదారి కావాలంటే, బ్యాటరీ మైనస్ నుంచి మోటార్ బోల్టుకు జంపర్ కేబుల్ వేసి సెల్ఫ్ కొట్టండి. లేచిందా, తప్పు ఎర్త్‌దే.

ఇక ప్లస్ దిమ్మకూ, సోలనాయిడ్ (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్) నుంచి మోటార్‌లోకి తీగ వెళ్లే టెర్మినల్‌కూ మధ్య. తాళం తిప్పకముందు ఇక్కడ 12 చూపిస్తుంది, కంగారుపడొద్దు, స్విచ్ తెరిచి ఉందంతే. తిప్పాక 0.5కి దిగాలి. ‘టక్’మన్నా 12 దగ్గరే నిలిచిపోతే లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయినట్టు. 1, 2 వోల్టుల దగ్గర ఆగితే మోటార్ టెర్మినల్ మీదున్న మీటర్ కొసను 30కి జరిపి మళ్లీ చూడండి. అక్కడా అంతే ఉంటే కేబుల్ తప్పు, తగ్గితే సోలనాయిడ్‌ది. 30 నట్‌ను ఒళ్లుమరిచి బిగించిన వాళ్లకు లోపల స్టడ్ తిరిగిపోయి, మూత పగిలి ఉంటుంది. అది బిగింపు తప్పే.

‘టక్’ కూడా వినపడకపోతే 50 నంబరు సన్నతీగ (తాళం నుంచి సోలనాయిడ్‌కు వచ్చేది) చూడండి, తాళం తిప్పితే బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా రావాలి. సుత్తితో మోటార్‌ను కొట్టే అలవాటు మాత్రం మానుకోండి. ఇప్పటి మోటార్లలో చాలావాటికి లోపల అయస్కాంతపు పలకలే, పగులుతాయి.

అభ్యాసం: మీటర్ కొసల జతలు ఆరు. మైనస్ దిమ్మ–క్లాంపు, క్లాంపు–ఇంజన్, ఇంజన్–మోటార్ ఒళ్లు, ప్లస్ దిమ్మ–క్లాంపు, క్లాంపు–30, 30–మోటార్ టెర్మినల్. పొద్దున చల్లటి ఇంజన్ మీద ఒకసారి, అరగంట నడిపి వచ్చాక ఇంకోసారి, మొత్తం పన్నెండు రీడింగులు కాగితం మీద రాయండి. నడిపేముందు ఫ్యూజు మళ్లీ పెట్టుకోండి. ఒక్కో తిప్పు 5 సెకన్లే, మధ్యలో అర నిమిషం విరామం. ఏ జతలో వేడికి 0.2 పెరిగితే ముందు ఆ జాయింటు విప్పి శుభ్రం చేయండి.