సెంట్ల నుంచి గుంటల దాకా: వలస వచ్చిన రైతు ఇంటి డాక్టరు కుటుంబ చరిత్ర ఎలా రాయాలి

కోస్తా నుంచి వరంగల్, నిజామాబాద్ వైపు వచ్చి స్థిరపడిన రైతు కుటుంబంలో ఒక డాక్టరు ఉన్నాడంటే, ఇంటి చరిత్ర రాసేవాళ్లు ఆయన ఎంబీబీఎస్ సీటుతోనే ఎత్తుకుంటారు. సీటు సంగతి ఇంట్లో పిల్లలకు కూడా నోటికొచ్చు. దానికి ముందటి ఇరవై ముప్పై ఏళ్లే ఎవరికీ సరిగ్గా తెలియవు. తాత ఏ ఏడు వచ్చాడు, అక్కడ ఎంత అమ్మి ఇక్కడ ఎంత కొన్నాడు, మొదటి పంట ఏం వేశాడు, బావి ఎప్పుడు తవ్వాడు అనేవి జ్ఞాపకాల కంటే భూమి కాగితాల్లో నికరంగా దొరుకుతాయి. అందుకని ముందు డాక్టరు గారిని వదిలేసి ట్రంకు పెట్టె తెరవండి.

పెట్టెలో దస్తావేజులు, శిస్తు రసీదులు, సొసైటీ అప్పు పుస్తకం, టీసీలు, శుభలేఖలు కలగలిసి ఉంటాయి. ఏ కట్టలో ఏది ఉందో ముందు అలాగే ఫొటో తీయండి. కట్ట విప్పి తేదీల ప్రకారం సర్దేస్తే, ఏ కాగితంతో ఏది కలిపి దాచారన్న సమాచారం పోతుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, రెండు వైపులా తీయాలి. స్కానర్ ఉంటే కాగితాలకు 300 డీపీఐ, ఫొటోలకు 600 సరిపోతుంది. లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి పాత సిరా పాడవుతుంది, మళ్లీ ఊడదీయలేం.

రెండు వైపులా తీయమనడానికి కారణం ఉంది. స్టాంపు కాగితాన్ని వెనక్కి తిప్పితే స్టాంపు వెండర్ రాసిన వరుస నంబరు, తేదీ, కొన్నవాడి పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. సబ్ రిజిస్ట్రార్ ముందు ఎవరు హాజరయ్యారో, ఎవరు వేలిముద్ర వేశారో కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. తాత పేరున్న దస్తావేజులన్నీ తేదీల వరుసలో పెట్టి, ఒక్క 'కాపురస్తుడు' అన్న మాట పక్కన ఏ ఊరు రాశారో మాత్రం చూస్తూ పోండి. ఒక దాంట్లో తెనాలి తాలూకా ఊరు, తర్వాతి దాంట్లో 'ప్రస్తుతం వరంగల్ జిల్లాలో ఉండు' అని వస్తే, ఆ రెండు తేదీల మధ్యే ఇల్లు కదిలింది. హద్దులు చెప్పే చోట ఇరుగుపొరుగు రైతుల పేర్లు, చివర సాక్షుల పేర్లు, దస్తూరి (కాగితం రాసినవాడి పేరు) కూడా విడిగా రాసుకోండి. వలస వచ్చినవాళ్లు ఒక్కరే రారు. అక్కడి హద్దుల్లో ఉన్న ఇంటిపేరే ఇక్కడి సాక్షుల్లోనూ కనిపిస్తే ఎవరి వెంట ఎవరు వచ్చారో తేలిపోతుంది.

కాగితం చదవడంలో తప్పులు

మొదటి తప్పు కొలతల దగ్గరే జరుగుతుంది. కోస్తా దస్తావేజులో 3.20 అంటే 3 ఎకరాల 20 సెంట్లు. తెలంగాణ పహాణీలో (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని ఏటా రాసే ఊరి రికార్డు) అదే 3.20 అంటే 3 ఎకరాల 20 గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఎకరానికి సెంట్లు 100, గుంటలు 40. ఒక గుంట 121 గజాలు, రెండున్నర సెంట్లు. ఈ తేడా పట్టించుకోకుండా రెండు రాష్ట్రాల అంకెలను కూడితే వచ్చే మొత్తానికి అర్థం ఉండదు.

రెండోది ఫసలీ, అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరం. పాత రసీదు మీద 1347 ఫసలీ అని ఉంటే 590 కలపండి, 1937 వస్తుంది. అయితే నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. కనుక 1347 ఫసలీ 1937 అక్టోబరు నుంచి 1938 అక్టోబరు దాకా నడిచింది. జనవరి నుంచి పడే నెలలకు 591 కలపాలి. మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఒకే ఫసలీ అంకె రెండు వైపులా కచ్చితంగా ఒకే రోజులను చెప్పదు.

మూడోది రూపాయి. 1950ల తొలినాళ్ల దాకా నిజాం ఇలాకా కాగితాల్లో నిజాం సొంత రూపాయి హాలీ సిక్కా ఉంటుంది, కోస్తా వైపు బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దార్. 7 హాలీ రూపాయలు దాదాపు 6 కల్దార్ రూపాయలకు సమానం. 'అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు ఎకరాలు వచ్చాయి' అని ప్రతి ఇంట్లో అంటారు. ఆ మాట అలాగే రాసేయకుండా రెండు దస్తావేజుల ధరలను ఎకరాలతో భాగించి చూడండి. దస్తావేజులో రాసిన ధర అసలు చేతులు మారిన సొమ్ము కంటే తక్కువ ఉండొచ్చని ఒక వాక్యం పక్కన పెట్టండి, చాలు.

నాలుగోది జిల్లా. 1953 అక్టోబరుకు ముందు ఖమ్మం, మధిర వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 1951 ఉత్తరంలో 'వరంగల్ జిల్లాకు పోయాం' అని ఉంటే, అది అప్పటి కృష్ణా జిల్లా పొలిమేర దాటగానే వచ్చే మధిర కావచ్చు. ఒంగోలు ప్రాంతం 1970 దాకా గుంటూరు జిల్లా. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో తెలంగాణ జిల్లాలు విడిపోయాయి. అందుకని ప్రతి ఊరికీ అప్పటి తాలూకా, జిల్లా, ఇప్పటి మండలం, జిల్లా పక్కపక్కన రాసుకోండి.

పహాణీ దగ్గర ఆగాలి

తెలంగాణ వైపు అసలు గని ఇదే. 1954-55 ఖాస్రా పహాణీని మూలంగా పెట్టుకుని, అక్కడి నుంచి ఏడాదికేడాది పహాణీ నకళ్లు అడగండి. పాతవి ఉర్దూలో ఉండొచ్చు. వల్ద్ అంటే ఫలానావారి కొడుకు, సాకిన్ అంటే నివాసి, మౌజా అంటే ఊరు, ఖుష్కి మెట్ట, తరి మాగాణి. ఈ అయిదు మాటలు తెలిస్తే సగం చదివినట్టే. మిగతా సగానికి ఊర్లో ఉర్దూ మీడియం చదివిన పెద్దాయనను పట్టుకోండి.

పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు (భూమిని నిజంగా సాగు చేస్తున్నవాడు) గడి వేరు. చాలామంది పట్టాదారు గడిలో తాత పేరు వెతికి, అది ఎప్పుడు ఎక్కితే అప్పుడే వలస వచ్చారని రాసేస్తారు. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం 47వ సెక్షన్ కింద వ్యవసాయ భూమి అమ్మాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ సెక్షన్ 1969లో పోయింది. ఆ కాలంలో ఎన్నో కొనుగోళ్లు తెల్లకాగితం మీద సాదాబైనామాగానే జరిగాయి. డబ్బు ఇచ్చి, భూమి దున్నుకుంటూ, పట్టా మాత్రం పాత దొర పేరునే ఉండేది. అలాంటప్పుడు తాత పేరు ముందు అనుభవదారు గడిలో వస్తుంది, పట్టా గడిలోకి ఎక్కడానికి పది పదిహేనేళ్లు పట్టొచ్చు. పెట్టెలో 50-బీ లేదా 13-బీ సర్టిఫికెట్ ఉంటే, సాదాబైనామాను తర్వాత క్రమబద్ధం చేయించుకున్నారని అర్థం.

పంట, నీటి వసతి గడులను వదలకండి. మొదటి ఏళ్లలో జొన్న, తర్వాత మిరప లేదా పత్తి, నీటి గడిలో ఖాళీ ఉన్నచోట ఒక ఏడు 'బావి' అని వచ్చిందంటే ఆ ఏడే బావి తవ్వారు. శ్రీరాంసాగర్‌కు 1963లో పునాది పడింది. కాల్వ ఆ పొలానికి ఎప్పుడు చేరిందో కూడా ఆ గడే చెబుతుంది. నిజామాబాద్ వైపు కుటుంబాలైతే ఇంకా వెనక్కి వెళ్లాలి. నిజాంసాగర్ 1931లో పూర్తయింది, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 1937లో వచ్చింది. ఊరి పేరు చివర 'క్యాంపు' అని ఉంటే అది వలస వచ్చినవాళ్ల ఊరు అయ్యే అవకాశం ఎక్కువ.

తాత కొనకముందు ఆ భూమిని దున్నింది ఎవరో కూడా రాయాలి. రక్షిత కౌలుదారు పేరు రికార్డులో ఉంటే, అదే కౌలుదారీ చట్టం 38-ఈ సెక్షన్ కింద ఆయనకు భూమి ఏమైనా దక్కిందో లేదో చూడండి. ఈ పేరా చాలామంది దాటేస్తారు. దాటేస్తే తాత ఖాళీ నేల మీదికి వచ్చినట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ అప్పటికే ఎవరో ఒకరు నాగలి కట్టి ఉంటారు.

నకళ్లు తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి తీసుకోవాలి. సర్వే నంబరు లేకుండా వెళ్తే తిప్పి పంపుతారు, పాస్‌బుక్ జిరాక్స్ వెంట ఉంచుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. ఈసీ, అంటే ఒక భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్, కంప్యూటర్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తిరగేసి ఇవ్వాల్సిందే. కోస్తా ఊరికి ఇది తప్పకుండా తీయించండి, భూమి అమ్మిన తేదీ అందులోనే బయటపడుతుంది.

పెద్దవాళ్లను అడగడం

'మీరు ఏ సంవత్సరం వచ్చారు' అంటే ఎవరూ చెప్పలేరు. 'కృష్ణా పుష్కరాలకు అక్కడే ఉన్నారా, ఇక్కడి నుంచి పోయారా' అనండి. కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992లో, గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991లో వచ్చాయి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1969 తెలంగాణ ఉద్యమం, 1977 నవంబరు దివిసీమ ఉప్పెన కూడా గట్టి గుర్తులే. తెలుగు సంవత్సరం పేరు చెబితే మరీ మంచిది. మన్మథ అంటే 1955-56, ప్లవంగ అంటే 1967-68.

మనసులో ఏమనిపించిందని అడగకుండా వస్తువుల గురించి అడగండి. ఎడ్లను రైల్లో తెచ్చారా, తోలుకొచ్చారా? విత్తనం ఎక్కడిది? మొదటి వానాకాలం ఎవరి కొట్టంలో ఉన్నారు? నాయనమ్మను మగవాళ్లు లేనప్పుడు అడగాలి, వాళ్లుంటే ఆమె మాట మధ్యలోనే తెగిపోతుంది. మీవాళ్లను అడిగి ఊరుకోక, ఊర్లో ముందు నుంచి ఉన్నవాళ్లనూ అడగండి. 'ఆంధ్రోళ్లు' వచ్చినప్పుడు కూలి ఎంత మారింది, నీళ్ల దగ్గర తగాదా ఏమైంది అన్నది వాళ్లకే గుర్తుంటుంది. పిచ్చికుంట్ల వారు చెప్పే వంశావళి దొరికితే రికార్డు చేసుకోండి, కానీ కాగితం తోడు లేకుండా తేదీకి దాన్ని ఆధారం చేయకండి.

ఇప్పుడు డాక్టరు దగ్గరికి

చదువు కాగితాల్లో పుట్టిన తేదీని నమ్మొద్దు. బడిలో వేసినప్పుడు పంతులుగారు లెక్కకు సరిపోయేలా రాసిందే చాలాసార్లు ఉంటుంది. జూన్, జూలై ఒకటో తారీఖు కనిపిస్తే అనుమానించండి. టీసీ మీది అడ్మిషన్ నంబరు పట్టుకుని బడిలో అడ్మిషన్ రిజిస్టర్ చూస్తే, అంతకు ముందు ఏ బడిలో చదివాడో తెలుస్తుంది.

వలస కుటుంబాలకు స్టడీ సర్టిఫికెట్లు బంగారం. ముల్కీ (స్థానికుల) నిబంధనల కాలంలో 15 ఏళ్ల నివాసం చూపాల్సి వచ్చేది. 1974 ఉత్తర్వు వచ్చాక కాలేజీ సీటుకు స్థానికత తేలాలంటే అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివాడో చూపాల్సి వచ్చింది. ఇంట్లో ఆ సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచి ఉంటారు. పిల్లవాడిని కోస్తాలో అమ్మమ్మ ఇంట్లో ఉంచి చదివించారా, ఇక్కడే చదివించారా, ఎందుకలా చేశారు అన్నదానికి ఇవే సాక్ష్యం.

కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. అంతకు ముందు డాక్టరైనవాళ్లు ఉస్మానియా, గాంధీ, గుంటూరు, విశాఖ కాలేజీల్లో చదివి ఉంటారు. వరంగల్‌లో చదివితే ఎంబీబీఎస్ పట్టా మీద ఉస్మానియా, కాకతీయ, హెల్త్ యూనివర్సిటీల్లో ఏ పేరు ఉందో చూస్తే కాలం తెలుస్తుంది. కాకతీయ యూనివర్సిటీ 1976లో, హెల్త్ యూనివర్సిటీ 1986లో వచ్చాయి. మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు, తండ్రి పేరు, నమోదు తేదీ, నంబరు వెతికి సరిచూసుకోండి. సర్కారు నౌకరీ చేసి ఉంటే సర్వీసు రిజిస్టర్లో ఏ పీహెచ్‌సీలో ఎన్నాళ్లున్నాడో వరసగా దొరుకుతుంది.

'చదువుకు పొలం అమ్మారు' అన్న మాటను తేల్చాల్సిందే. సర్కారు కాలేజీలో ఫీజు కంటే మెస్, పుస్తకాలు, బట్టలకే ఎక్కువయ్యేది. చదివిన ఏళ్లకు ఈసీ తీసి చూడండి. అమ్మకం లేకపోతే డబ్బు సొసైటీ అప్పు నుంచో, మిరప పంట నుంచో, బడి మానిపించిన చెల్లెలి కష్టం నుంచో వచ్చి ఉండొచ్చు. నర్సింగ్ హోమ్ ఎవరి సొమ్ముతో లేచిందో కూడా అదే తీరున చూడాలి. మామగారు ఇచ్చినదైతే అలాగే రాయండి. ఆస్పత్రి కథలు రాసేటప్పుడు పేషెంట్ల పేర్లు, ఊర్లు, జబ్బులు రాయొద్దు.

రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో కా, వి, అం అని గుర్తు పెట్టండి: కాగితం, విన్నది, అంచనా. 'ఎన్నో కష్టాలకోర్చి ఇక్కడ స్థిరపడ్డారు' అనే వాక్యానికి మూడింట్లో ఏదీ పెట్టలేరు, కొట్టేయండి. దాని బదులు ఇలా ఉండాలి: '1957 మార్చిలో 2 ఎకరాల 60 సెంట్లు అమ్మాడు (కా). 1958-59 పహాణీలో పరకాల తాలూకాలో 9 ఎకరాల 10 గుంటల మీద అనుభవదారు (కా). మధ్యలో ఒక పంటకాలం బావమరిది ఇంట్లో ఉన్నారు (వి).'

చిత్తుప్రతిని డబుల్ స్పేసింగ్‌లో ప్రింటు తీసి ముందు అత్తలకు, మేనత్తలకు చదివి వినిపించండి, డాక్టరు గారికి చివర్లో ఇవ్వండి. ఆయన ముందు చదివితే మిగతావాళ్లు ఇక నోరు విప్పరు. ఎవరు ఏ తప్పు పట్టారో పెన్సిల్‌తో పక్కనే పేరు, తేదీ వేసి ఉంచండి, ఇద్దరి మాట కలవకపోతే రెండూ ఉంచండి.