మెడలో సెంట్రల్ లైన్ వేసే ముందు సూది కొలత చూసుకోండి

సెంట్రల్ లైన్ అంటే గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే సన్న గొట్టం. అది వేయడానికి ఐసీయూ పోస్టింగ్‌కు కొత్తగా వచ్చే పీజీ డాక్టర్లు అల్ట్రాసౌండ్ ఉంది కదా అని ధీమాగా సూది దించేస్తుంటారు. ప్రోబ్ సిరను బాగానే చూపిస్తుంది. సూది మొనను మాత్రం మనమే వెతుక్కోవాలి.

పెద్దవాళ్లలో మెడలోని పెద్ద సిర, ఇంటర్నల్ జుగులర్, చాలామందికి చర్మం కింద ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల లోతులోనే దొరుకుతుంది. కిట్‌లోని 18 గేజ్ సూది పొడవు ఆరేడు సెంటీమీటర్లు! మొత్తం దించితే సిర వెనక గోడ దాటి కరోటిడ్ ధమనిలోకో, ఊపిరితిత్తి పొరలోకో పోతుంది. అందుకే ముందు స్క్రీన్ మీద లోతు కొలవండి. సిర 1.5 సెం.మీ. లోతులో ఉండి, మీరు 45 డిగ్రీల వాలులో గుచ్చితే సూది వెళ్లాల్సింది దాదాపు 2 సెం.మీ. అంతే. అక్కడికీ రక్తం రాకపోతే ఇంకా తొయ్యకండి. సిరంజి ప్లంజర్‌ను లాగి పట్టుకుని సూదిని మెల్లగా వెనక్కి తీయండి. నొక్కుకుపోయిన సిర అప్పుడు తెరుచుకుని రక్తం రావడం మామూలే.

సిరను అడ్డంగా చూస్తున్నప్పుడు కనిపించే తెల్ల చుక్క మొనే కానక్కర్లేదు, సూది నడుము కూడా అలాగే కనిపిస్తుంది. ప్రోబ్‌ను కొంచెం ముందుకు జరపండి. చుక్క మాయమైతే మొన దాటినట్టు. సూదిని కాస్త తోసి మళ్లీ ప్రోబ్ జరుపుతూ వెళ్లాలి. విసుగు పుట్టే పనే, కానీ పేషెంట్ మెడను కాపాడేది అదే.

మెడకు పొట్టి సూది దొరికితే నేనైతే అదే తీసుకోమంటాను. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకు ఇంకా సన్నగా ఉండే 21 గేజ్ మైక్రోపంక్చర్ సూది నయం. అయితే సూదిలోంచి సిరలోకి పంపి, దాని మీదుగా గొట్టం ఎక్కించే గైడ్ వైర్ దీనికి 0.018 అంగుళాల సన్నదే పడుతుంది, మామూలు కిట్ వైర్ దూరదు. గుచ్చాక వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

వైర్ సూదిలో ఇరుక్కుంటే వైర్‌ను ఒక్కదాన్నే లాగకండి, మొన అంచుకు తెగిపోవచ్చు. సూదీ వైరూ కలిపి తీయండి.

వైర్ మీదుగా దారిని వెడల్పు చేసే డైలేటర్ పట్టుకునే ముందు మాత్రం కచ్చితంగా ఆగాలి. వైర్ సిరలోనే ఉందని అడ్డంగా, నిలువుగా రెండు రకాలుగా చూడండి. షాక్‌లో ఉన్న పేషెంట్‌కు ధమని రక్తం కూడా నల్లగా ఉండొచ్చు, రంగును నమ్మొద్దు. సూది పొరపాటున ధమనిలో పడితే తీసి గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలాసార్లు సర్దుకుంటుంది. ధమనిలో డైలేటర్ పడితే వేరే కథ. దాన్ని బయటికి లాగకుండా అలాగే ఉంచి, వెంటనే సీనియర్‌ను, వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్‌ను పిలవండి.