జనవరి జీతం తగ్గబోతోందా? డిసెంబరులోనే చెప్పండి: చిన్న కంపెనీలు, పేరోల్ చూసేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

జనవరి జీతం ఖాతాలో పడిన గంటలోపే అకౌంట్స్ వాళ్ల ఫోన్ మోగుతుంది. "మేడమ్, పోయిన నెల కంటే పదిహేను వేలు తక్కువ పడింది, ఏంటిది?" లెక్క చూస్తే చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. అయినా అడిగినవాళ్ల కోపంలో న్యాయం ఉంది. 5వ తేదీన ఈఎంఐ కట్ అవుతుంది, పిల్లల ఆఖరి టర్ము ఫీజు కట్టాలి. జీతం తగ్గుతుందని డిసెంబరులోనే తెలిస్తే ఎక్కడో ఒకచోట సర్దుకుంటారు. పడ్డాక తెలిస్తే చేబదులు వెతుక్కోవాలి.

మన దగ్గర జనవరిలోనే ఈ గొడవ ఎక్కువ కావడానికి కారణముంది. చాలా ఆఫీసుల్లో హాజరు లెక్క 25వ తేదీకి మూసేస్తారు. కాబట్టి డిసెంబరు చివరి వారంలో పెట్టిన సెలవులు, సంక్రాంతికి ఊరెళ్లి రెండ్రోజులు ఎక్కువ ఉండిపోయిన సెలవులు కలిసి జనవరి జీతంలోనే తగులుతాయి. పెట్టుబడుల రుజువుల గడువు ముగిసి టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) పెరిగేదీ అప్పుడే. "జనవరిలో రెండు రోజులే కదా రాలేదు, నాలుగు రోజుల జీతం ఎందుకు కోశారు" అని అడిగేవాళ్లకు ఈ 25వ తేదీ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. పే స్లిప్ పైభాగంలో "డిసెంబరు 26 నుంచి జనవరి 25 వరకు హాజరు" అని ఒక్క లైను వేయించండి, సగం ఫోన్లు తగ్గుతాయి.

సెలవు కోతలోనే ఇంకో చిక్కుంది. నెల జీతం 30,000 ఉన్నవాళ్లకు నెలలో ఉన్న రోజులతో భాగిస్తే జనవరిలో ఒక రోజు కోత 968 రూపాయలు, 28 రోజుల ఫిబ్రవరిలో 1,071. ఎప్పుడూ 30తోనే భాగిస్తే వెయ్యి. ఏ పద్ధతైనా పెట్టుకోండి గానీ నెలకోటి మార్చకండి, అపాయింట్‌మెంట్ లెటర్లోనే రాసివ్వండి.

ఇక అసలు దెబ్బ టీడీఎస్. పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లు ఏప్రిల్‌లో ఎల్‌ఐసీ, పీపీఎఫ్, ఇంటి అద్దె అంటూ డిక్లరేషన్ ఇస్తారు. దాన్ని నమ్మి నెలనెలా తక్కువ పన్ను కోస్తాం. రుజువులు రాకపోతే ఆ తేడా అంతా మార్చిలోపు రాబట్టాల్సిందే. 30 శాతం శ్లాబులో ఉన్న ఒకరు 80సీ (ఎల్‌ఐసీ, పీపీఎఫ్ లాంటి పొదుపులకు పన్ను మినహాయింపు) కింద లక్షన్నర చూపించి ఒక్క రసీదూ ఇవ్వలేదనుకోండి. సెస్సుతో కలిపి తేడా 46,800 రూపాయలు. జనవరి నుంచి పంచితే నెలకు 15,600. మొహమాటపడి మార్చి దాకా ఆగితే మొత్తం ఒకే జీతంలో పోతుంది. పైగా 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం ఒక నెలలో మొత్తం కోతలు వేతనంలో సగం దాటకూడదు. అందుకే "పాపం, వచ్చే నెల చూద్దాంలే" అని వాయిదా వేయడం ఉద్యోగికి మేలు కాదు.

నవంబరు చివరికల్లా రుజువులు అడగడం మొదలుపెట్టండి. ఆఖరి తేదీ మాత్రం సంక్రాంతి దాటాక, జనవరి 20 దగ్గర పెట్టండి. చాలామందికి పాలసీ కాగితాలు, అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్ రసీదులు ఊళ్లోనే ఉంటాయి, పండక్కి వెళ్లినప్పుడు తెచ్చుకుంటారు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి ఓనర్ పాన్ నంబరు కావాలి. అది అడిగిన రోజే ఇచ్చే ఓనర్లు తక్కువ, కాబట్టి ఈ మాట అందరికంటే ముందు చెప్పండి. ఏడాది మధ్యలో చేరినవాళ్ల దగ్గర పాత కంపెనీ జీతం, అక్కడ కోసిన పన్ను వివరాలు చేరిన వారమే తీసుకోండి. లేకపోతే రెండు కంపెనీలూ ఎవరికి వాళ్లు తక్కువ శ్లాబు నుంచి లెక్కవేస్తాయి, ఆ తేడా ఏడాది చివర్లో బయటపడుతుంది.

కొత్త విధానంలో ఉన్నవాళ్లకు రుజువుల బాధ లేదు, కానీ బోనస్ దగ్గర పెద్ద గొయ్యి ఉంది. 2025-26 నుంచి, స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లకు రుజువు లేకుండానే దక్కే తగ్గింపు) 75,000 కలుపుకుని, 12.75 లక్షల జీతం దాకా పన్ను పడదు. సరిగ్గా ఆ గీత మీద ఉన్న మనిషికి మార్చిలో 50,000 బోనస్ ఇచ్చారనుకోండి. మార్జినల్ రిలీఫ్ (గీత దాటిన మొత్తాన్ని మించి పన్ను పడకుండా ఇచ్చే తగ్గింపు) ఇచ్చాక కూడా పన్ను 50,000, దాని మీద 4 శాతం సెస్సు 2,000. బోనస్ 50,000 వస్తే పన్ను 52,000 పోయింది! బాగా పనిచేసినందుకు చేతికి వచ్చేది రెండు వేలు తగ్గిందంటే ఎవరికైనా మండుతుంది. బోనస్ ఖరారు చేసేముందే 12 నుంచి 13.5 లక్షల మధ్య జీతాలవాళ్ల పట్టిక ఒకటి తీసి చూడండి. ఏప్రిల్‌లో ప్రకటించి ఏప్రిల్‌లోనే ఇస్తే అది తర్వాతి ఏడాది లెక్కలోకి వెళ్తుంది. మార్చికి బాకీ అని రాసిచ్చేసి, డబ్బు మాత్రం నెల జరిపితే పన్ను జరగదు.

ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) గురించి క్లుప్తంగా. జీతం 21,000 దాటినా కోత వెంటనే ఆగదు. జనవరిలో 24,000కు పెంచినవాళ్లకు మార్చి దాకా 0.75 శాతం, అంటే నెలకు 180 రూపాయలు పోతూనే ఉంటాయి. "లిమిట్ దాటాను కదా" అని అడిగినప్పుడు, అక్టోబరు-మార్చి చందా మీద జులై నుంచి డిసెంబరు దాకా వైద్యం హక్కుగా ఉంటుందని కూడా చెప్పండి. వృత్తి పన్ను తెలుగు రాష్ట్రాల్లో 15,000 దాటితే 150, 20,000 దాటితే 200. ఎరియర్స్ (పాత బాకీ జీతం) పడిన నెలలో కొందరికి ఈ తేడా వస్తుంది.

చెప్పేటప్పుడు "సిస్టమ్‌లో అలా వచ్చింది" అన్న మాట మాత్రం వద్దు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒకరి జీతం సంగతి అసలే వద్దు. ఎవరికి వాళ్లకు విడిగా, అంకెతో సహా పంపండి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ. మీరు చూపించిన లక్షన్నర పెట్టుబడికి రసీదులు ఇంకా అందలేదు. జనవరి 20 లోపు ఇవ్వకపోతే జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాల్లో నెలకు 15,600 చొప్పున ఎక్కువ పన్ను కట్ అవుతుంది. రసీదులు ఊళ్లో ఉంటే ఫొటో తీసి పంపినా సరే. సందేహం ఉంటే సాయంత్రం 4 తర్వాత ఫోన్ చేయండి."

ఫ్యాక్టరీలోనో గోడౌన్లోనో పనిచేసేవాళ్లకు మెసేజ్ సరిపోదు. సూపర్‌వైజర్ పక్కన లేకుండా కూర్చోబెట్టి, రెండు నెలల స్లిప్పులు పక్కపక్కన పెట్టి, మారిన లైన్ల కింద పెన్నుతో గీత గీసి చూపించండి. పది నిమిషాల పని.

కోసిన పన్ను కంపెనీ జేబులోకి పోలేదని కూడా స్పష్టంగా చెప్పాలి, చాలామందికి ఆ అనుమానం ఉంటుంది. అది వాళ్ల పాన్ మీదే జమవుతుంది, కంపెనీ తరఫున మనం టీడీఎస్ రిటర్న్ వేశాక, ఎవరి పన్ను ఎంత జమైందో చూపే ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. రుజువులు ఆలస్యమైనా, మార్చి 31 లోపు నిజంగా పెట్టుబడి పెట్టి ఉంటే, జులై 31 లోపు రిటర్న్ వేసి 80సీ మినహాయింపు అడగవచ్చు, ఎక్కువ కట్టింది రీఫండ్‌గా వస్తుంది.

ఏప్రిల్ జీతం పెరిగి కనిపించినప్పుడు కూడా ఒక మాట చెప్పండి. టీడీఎస్ మళ్లీ కొత్తగా లెక్కవేయడం వల్ల, ఈఎస్ఐ ఆగడం వల్ల చేతికి ఎక్కువ వస్తే, ఇంక్రిమెంట్ పడిందనుకుని కొత్త ఈఎంఐ పెట్టుకునేవాళ్లున్నారు. ఆ ఏడాది డిక్లరేషన్ అడిగే మెసేజ్‌లోనే ఈ సంగతీ రాసేయండి.