యోగా టీచర్ ట్రైనింగ్‌లో స్క్రిప్ట్ కంఠతా పట్టేవారికి జాగ్రత్తలు

ట్రైనింగ్‌కి వెళ్లేముందు చాలామంది ఒంటిని సిద్ధం చేసుకుంటారు. రోజూ ఇంకో అరగంట సాధన పెంచుతారు, పశ్చిమోత్తానాసనంలో ఇంకో అంగుళం వంగడానికి తంటాలు పడతారు. క్లాసులో టీచర్ చెప్పాల్సిన మాటలు రాసి ఉండే స్క్రిప్ట్ సంగతి అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చులే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. రెండో వారానికల్లా నన్ను కుంగదీసింది ఆసనాలు కాదు, ఆ స్క్రిప్టే.

లెక్క వేసి చూడండి. 200 గంటల కోర్సును నాలుగు వారాల్లో, వారానికి ఆరు రోజుల చొప్పున ముగిస్తే రోజుకు ఎనిమిది గంటలు దాటుతుంది. దాని మీద హోంవర్క్, భోజనం, స్నానం, ప్రయాణం. కంఠతా పట్టడానికి మిగిలేది రాత్రి ఒక గంట, అదీ ఒళ్లు హూనమైన తర్వాత. వేడి గదిలో చేసే బిక్రమ్ యోగా పద్ధతిలో అయితే 26 ఆసనాలు, రెండు శ్వాస సాధనలు, 90 నిమిషాల క్లాసు, అంతటికీ చెప్పాల్సిన మాటలు ముందే రాసి ఉంటాయి. దాన్ని డైలాగ్ అంటారు. సుమారు 40 డిగ్రీల వేడి గదిలో సాధన చేసి బయటికొచ్చి, ఆ పేజీలు ముందేసుకుని కూర్చుంటే అక్షరాలు కళ్ల ముందు ఈదుతాయి. అందుకే మొదటి జాగ్రత్త: ట్రైనింగ్‌కి ఆరేడు వారాల ముందే మొదలుపెట్టండి. వారానికి నాలుగు ఆసనాలు పట్టినా 26 పూర్తవుతాయి. స్క్రిప్ట్ ముందుగా ఇవ్వని చోట ఆసనాల పేర్లు, వరుస, కుడి ఎడమల్లో ఏది ముందు, ఎక్కడ పీల్చాలి, ఎక్కడ వదలాలి అన్నవైనా నోటికి తెచ్చుకుని వెళ్లండి. సగం బరువు అక్కడే తగ్గుతుంది.

చదవడం వేరు, రావడం వేరు

పేజీ తెరిచి పదిసార్లు చదివితే వచ్చేసినట్టే ఉంటుంది. పేజీ మూయగానే రెండో వాక్యం దగ్గరే ఆగిపోతాం. 2006లో రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో ఇదే బయటపడింది. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ జ్ఞాపకం ఉంది. మీకు కావలసింది ఆ వారం తర్వాతి జ్ఞాపకమే. కాబట్టి మూడు నాలుగు వాక్యాలు చదవండి, కాగితం బోర్లించండి, పైకి చెప్పండి, తప్పితే చూసి మళ్లీ చెప్పండి. తడబడుతున్నామని దిగులు పడొద్దు. ఆ తడుముకోవడంలోనే మాట గట్టిపడుతుంది.

ఒకే రాత్రి నలభైసార్లు చెప్పేకంటే, అదే రోజు సాయంత్రం, మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత ఒక్కోసారి చెబితే ఎక్కువ నిలుస్తుంది. మరపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే వేగంగా జరిగి తర్వాత నెమ్మదిస్తుందని ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చెప్పాడు. ఆ మొదటి జారుడును ఆపడానికే ఈ వాయిదాలు.

చాలామందికి వాక్యం గుర్తుంటుంది కానీ తర్వాతి వాక్యం ఏదో గుర్తురాదు. తెగేది అతుకు దగ్గర. వేదం వల్లె వేసేవాళ్ల క్రమపాఠంలో ఒకటో పదం రెండో పదంతో, రెండోది మూడోదానితో, మూడోది నాలుగోదానితో జత కట్టి చెబుతారు. మీరు వాక్యాలను అలా జత కట్టి చూడండి. ఒక వాక్యం చివరి మాట, తర్వాతి వాక్యం మొదటి మాట, రెండూ ఒకే ఊపిరిలో చెప్పండి. నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఇది.

స్క్రిప్ట్ ఇంగ్లీషులో ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. ‘లాక్ ద నీ’ అన్న మాట నోటికి వస్తుంది, దాని అర్థం రాదు. మోకాలిని వెనక్కి నెట్టమని కాదు, తొడ ముందు కండరాన్ని పైకి లాగి బిగించమని. ఇది తెలియకుండా బట్టీ పట్టిన టీచర్, మోకాళ్లు సహజంగానే వెనక్కి వంగిపోయే మనిషికి కూడా అదే మాట గట్టిగా చెబుతారు. ప్రతి సూచన పక్కన ఏ కీలు, ఏ కండరం, ఎందుకు అని మీ మాటల్లో తెలుగులో రాసుకోండి. రాయలేకపోతే అది మీకు ఇంకా అర్థం కాలేదన్నమాట, ట్రైనర్‌ని అడగండి.

ఆసనం నుంచి బయటికి తెచ్చే మాటలు ముందు నేర్చుకోండి

ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మనం ఎప్పుడూ మొదటి వాక్యం నుంచే మొదలుపెడతాం. మధ్యలో తప్పితే మళ్లీ మొదటికి వెళ్తాం. ఇలా చేస్తే ఆసనంలోకి తీసుకెళ్లే మాటలు యాభైసార్లు పలుకుతాయి, బయటికి తీసుకొచ్చే మాటలు ఐదుసార్లు కూడా పలకవు. క్లాసులో దెబ్బ తగిలే అవకాశం మాత్రం బయటికి వచ్చేటప్పుడే ఎక్కువ. మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వంగే ఉష్ట్రాసనం నుంచి నడుము మీద చేతులు పెట్టుకుని, పొట్ట బిగించి నెమ్మదిగా లేవాలి, తల చివరన రావాలి. ఆ మాట టీచర్ నోటికి రాకపోతే ఎదుటి మనిషి మెడను విదిలించుకుని ఒక్కసారిగా లేస్తారు, కళ్లు తిరుగుతాయి. భుజాల మీద ఒళ్లు నిలబెట్టే సర్వాంగాసనంలో ఉన్నవాళ్లు టీచర్ ఆగిపోయారేమిటా అని తల పక్కకు తిప్పి చూస్తారు, ఒంటి బరువంతా మెడ మీద ఉన్నప్పుడు.

కాబట్టి ప్రతి ఆసనానికీ చివరి మూడు వాక్యాలు ముందు పట్టండి. తర్వాత వాటి ముందున్నవి, తర్వాత వాటికీ ముందున్నవి. ఇలా వెనక నుంచి కట్టుకుంటూ వస్తే, చెబుతున్నకొద్దీ తెలిసిన దారిలోకి వెళ్తారు, టెన్షన్ తగ్గుతూ వస్తుంది. దీనితో పాటు స్క్రిప్ట్‌లో లేని మూడు మాటలు, నిద్రలో లేపి అడిగినా వచ్చేంతగా నేర్చుకోండి: ‘ఊపిరి మామూలుగా తీసుకోండి.’ ‘నొప్పి ఉంటే ఆపేయండి.’ ‘నెమ్మదిగా బయటికి రండి.’ మాట మర్చిపోయినప్పుడు ఇవి మిమ్మల్నీ కాపాడతాయి, ఎదుటివాళ్లనీ కాపాడతాయి.

తోటివాళ్లతో సాధన చేసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. మీరు పదం కోసం వెతుక్కుంటుంటే, స్నేహితురాలు ఒంటికాలి మీదో, వెనక్కి వంగో వేలాడుతూ ఉంటుంది. ఐదు సెకన్లు దాటితే ఆమెను బయటికి తీసుకొచ్చి, స్క్రిప్ట్ చూసి, మళ్లీ మొదలుపెట్టండి. తప్పులు చూసేవాళ్లు కూడా ప్రతి పదానికీ అడ్డుపడకుండా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని చివర్లో చెప్పాలి.

కళ్లు ఖాళీగా ఉండాలి

మూడో వారంలో త్రికోణాసనం చెప్పే వంతు నాకు వచ్చింది. ఒక్క పదం తప్పకుండా చెప్పాను. కూర్చున్నాక పక్కనున్న అమ్మాయి మోకాలు పట్టుకుని ఉంది. ‘ముందు మోకాలు లోపలికి పడిపోతోంది, నొప్పిగా ఉంది, మీరు చూస్తారేమో అనుకున్నాను’ అంది. ఆమె నా ఎదురుగానే, రెండు గజాల దూరంలో నిలబడింది. నేను ఆమెను చూడలేదు. నా చూపంతా తలలో ఉన్న పేజీ మీదే ఉంది. స్క్రిప్ట్ ఎందుకు కంఠతా పట్టాలో ఆ రోజు అర్థమైంది. మాటలు వాటంతట అవి వస్తుంటే కళ్లు మనుషుల మీద ఉంటాయి, అందుకు. అంతవరకు రాకపోతే, పదం తప్పకపోయినా అది సగం చదువే.

కాబట్టి ట్రైనింగ్‌కి ముందే ఇలా పరీక్షించుకోండి. బట్టలు మడతపెడుతూ, గది సర్దుతూ చెప్పండి. ఆగకుండా వస్తే సరే. నడుస్తూ చెప్పడం మంచిదే కానీ రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు వద్దు. ధ్యాస స్క్రిప్ట్ మీదకు పోతే ఎదురుగా వచ్చే వాహనం కనిపించదు. ఆ తర్వాత ఎవరైనా ఆసనం వేస్తుండగా వాళ్ల పాదాలు, మోకాళ్లు, ముఖం చూస్తూ చెప్పండి. ముఖం బిగుసుకోవడం, ఊపిరి బిగబట్టడం కనిపిస్తే స్క్రిప్ట్ వదిలేసి ఆ మనిషికి కావలసిన మాట చెప్పండి. పదం పొల్లుపోకూడదని పట్టుబట్టే ట్రైనింగ్‌లు ఉన్నాయి. అక్కడ కూడా ఎవరికైనా నొప్పి వస్తుంటే ఆపడమే సరైన పని, ఈ విషయంలో మొహమాటం వద్దు.

గర్భిణులకు, అధిక రక్తపోటు, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకు స్క్రిప్ట్‌లోని మాట యథాతథంగా సరిపోదు. గ్లాకోమా ఉన్నవాళ్లకు తల కిందికి పెట్టే ఆసనాల్లో కంటి ఒత్తిడి పెరుగుతుంది. వాళ్లకు ఏం చెప్పాలో స్క్రిప్ట్ పక్కనే రాసుకుని, దాన్ని కూడా కంఠతా పట్టండి.

కుడి ఎడమల తికమక చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ క్లాసు మొత్తాన్ని చెదరగొడుతుంది. ఎదురుగా నిలబడినప్పుడు మీ కుడి వాళ్లకు ఎడమ. అద్దంలా మీరు ఎడమ చెయ్యి ఎత్తుతూ ‘కుడి చెయ్యి’ అనాలి. మొదటి రోజు నుంచే అలా సాధన చేయకపోతే తర్వాత మార్చుకోవడం కష్టం.

నిద్ర, గొంతు, నీళ్లు

నిద్ర మానుకుని స్క్రిప్ట్ పట్టకండి. ఇది మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి రెండింటి దాకా కూర్చుంటే ఆ రాత్రి నేర్చిందీ నిలవదు, మర్నాడు అలసిన కండరాలతో చేసే ఆసనంలో కీలుకు దెబ్బ తగలొచ్చు. ఏడు గంటలకు తగ్గకుండా నిద్రపోండి. పడుకునే ముందు ఇరవై నిమిషాలు, లేచాక పది నిమిషాలు, అంతే. సాయంత్రం తర్వాత కాఫీ, టీ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

రోజంతా పైకి వల్లె వేస్తే గొంతు పోతుంది. పదింట ఏడుసార్లు పెదాలు కదుపుతూ లోలోపల చెప్పుకుని, మూడుసార్లు క్లాసులో మాట్లాడే స్వరంతో చెబితే చాలు. గుసగుసగా చెబితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, అది నిజం కాదు, దానివల్ల కూడా గొంతు ఒత్తిడికి లోనవుతుంది. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

వేడి గదిలో సాధన ఉంటే వెళ్లేముందే డాక్టర్‌ని అడగండి, ముఖ్యంగా రక్తపోటుకు మందులు వాడేవాళ్లు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు వేడిలో ఒంటిని త్వరగా ఎండబెడతాయి. గంటల తరబడి చెమట పట్టినప్పుడు వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పు కూడా లోపలికి వెళ్లాలి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి రండి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బ అనుకుని చల్లబరుస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లండి. బాగా వచ్చిన వాక్యాలు కూడా ఒకరోజు అస్సలు గుర్తురాకపోతే, ముందు నీళ్లు, తిండి, నిద్ర చూసుకోండి.

మీ వంతు వచ్చిన రోజు

అందరి ముందు నిలబడితే వేగం పెరుగుతుంది. ఇంట్లో 60 సెకన్లు పట్టినది అక్కడ 40లో అయిపోతుంది, ఎదుటివాళ్లకు ఆసనంలో కుదురుకునే సమయం దొరకదు. ముందు రోజే గడియారం పెట్టుకుని చెప్పి చూడండి, ఊపిరికి వదలాల్సిన చోట స్క్రిప్ట్‌లో గీత గీసుకోండి. కొత్త ఆసనం ఏదీ ఆ రాత్రి మొదలుపెట్టొద్దు. పొద్దున మొదటి వాక్యం, చివరి మూడు వాక్యాలు ఒకసారి చెప్పుకుని పుస్తకం మూసేయండి.

అయినా మధ్యలో మాట పోవచ్చు. అప్పుడు కప్పు వైపు చూడకండి, ఎదురుగా ఉన్నవాళ్ల పాదాలు చూడండి. వాళ్ల ఒళ్లు ఏ భంగిమలో ఉందో కనిపిస్తే తర్వాతి మాట చాలాసార్లు దానంతట అదే వస్తుంది. రాకపోతే, ‘ఊపిరి మామూలుగా తీసుకోండి, నెమ్మదిగా బయటికి రండి’ అని చెప్పి, రెండో వైపుకు వెళ్లండి.