మాఘం ముహూర్తాలకు ముందు ఫ్లాష్ ఒకసారి చూసుకోండి

ఒక షాట్‌కి వెలిగి, ఇంకో షాట్‌కి మొరాయిస్తోందా? పెళ్లికి బయల్దేరక ముందే ఇవి చూడండి. తలంబ్రాలు మళ్లీ పోయించలేం.

– ఫ్లాష్‌ని మీరే విప్పొద్దు. లోపలి కెపాసిటర్‌లో (కరెంటు నిల్వ ఉంచే భాగం) సుమారు 300 వోల్టులుంటాయి, బ్యాటరీలు తీసినా వెంటనే పోవు. ప్రాణం మీదికి రావచ్చు.

– ఫిల్మ్ కాలం నాటి ఫ్లాష్‌ని డిజిటల్ కెమెరాకి తగిలించొద్దు. కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజ్ (కెమెరా కాంటాక్ట్ మీద పడే వోల్టేజ్) 200 దాటుతుంది, కెమెరా సర్క్యూటే పోవచ్చు. నాన్నగారి ఫ్లాష్ బీరువాలోనే క్షేమం.

– సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా ఫోటో తీసే మోడ్) ఆపండి. అది ఆన్‌లో ఉంటే చాలా కెమెరాల్లో ఫ్లాష్ వెలగనే వెలగదు. రిపేరు షాపుకెళ్లే ముందు ఇదొక్కటి చూస్తే డబ్బులు మిగలొచ్చు.

– హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు), ఫ్లాష్ అడుగు పిన్నులు పొడి గుడ్డతో తుడిచి లాక్ పూర్తిగా బిగించండి. చెమట, దుమ్ము చేరితే కాంటాక్ట్ తెగుతూ ఉంటుంది. ఆగి ఆగి వెలిగే ఫ్లాష్‌లో నా మొదటి అనుమానం ఎప్పుడూ దీనిమీదే.

– బ్యాటరీలన్నీ ఒకే సెట్‌వి, ఒకేసారి చార్జ్ చేసినవి వేయండి. ఒక్కటి డీలా పడినా రెడీ లైట్ (ఫ్లాష్ మళ్లీ సిద్ధమని చెప్పే దీపం) ఆలస్యమవుతుంది.

– ఫ్లాష్‌ని కెమెరాకి దూరంగా పెడితే ఆప్టికల్ స్లేవ్ (వేరే ఫ్లాష్ వెలుగు చూసి వెలిగే పద్ధతి) వద్దు, రేడియో ట్రిగ్గర్ (రేడియో సిగ్నల్‌తో ఫ్లాష్‌ని వెలిగించే పరికరం) వాడండి. లేదంటే బంధువుల కెమెరా ఫ్లాష్‌లకి కూడా మీదే వెలుగుతుంది.

– ట్రిగ్గర్‌లో, ఫ్లాష్‌లో చానెల్ (సిగ్నల్ నంబర్) ఒకటే ఉండాలి.