డెల్టాలో క్లినిక్‌ల భవనానికి పునాది తీయకముందు

గోదావరి డెల్టాలో వైద్యులకు అద్దెకిచ్చే భవనం కట్టదలచినవారు సాధారణంగా వేసవిలో స్థలం చూసి, తొలకరిలోగా పునాది ముగించాలని తొందరపడతారు. కాలువలు కట్టేసి ఉండే ఏప్రిల్, మే నెలల్లో ఆరడుగుల గొయ్యి తీసినా పొడిగా కనబడవచ్చు గాని, జూన్‌లో నీరు వదిలాక అందులోనే ఊట నిలుస్తుంది. కాబట్టి ఆ గొయ్యిని నమ్మకుండా, బోరు వేయించి మట్టి పరీక్ష చేయించాలి. పక్కింటి గోడనూ చూడండి. నేల నుంచి మొలలోతు వరకు ఉప్పు పొంగి, గోటితో గీస్తే సిమెంటు పొడిగా రాలుతుంటే, అక్కడి చెమ్మ మీ గోడనూ వదలదు. నల్లరేగడి వేసవిలో వేలు దూరేంత బీటలిచ్చి, వానలకు ఉబ్బుతుంది. అటువంటి నేలలో పైల్ పునాది (నేలలోకి లోతుగా దించే స్తంభాల పునాది) ఖర్చు మిగుల్చుకోవడం తగదని నా దృఢాభిప్రాయం.

1986 ఆగస్టు వరదలోను, 1996 నవంబరు తుపానులోను నీరు ఎంతవరకు వచ్చిందో ఆ వీధి పెద్దలనడిగి, అరుగు ఎత్తు నిర్ణయించుకోవాలి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. చక్రాల కుర్చీకి ర్యాంపు ఒకటికి పన్నెండు వాలులో ఉండాలి గనుక, మూడడుగుల ఎత్తుకు ముప్పైఆరడుగుల ర్యాంపు కావాలి. మలుపులకు చోటు దీనికి అదనం. ఇరుకు స్థలం కొన్నాక ఆ పొడవు ఎక్కడి నుంచి తెస్తారు? వరద నీరు ముందు చేరేది సెల్లార్‌లోకే గనుక జనరేటరును అక్కడ పెట్టవద్దు.

ఎక్స్‌రే గదికి తొమ్మిదంగుళాల ఇటుక గోడ అవసరం. శుద్ధి చేయని జీవవైద్య వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు కాబట్టి, వాటిని తీసుకెళ్లే బండి నేరుగా చేరగల విడి గది కేటాయించాలి.

భీమవరం, అమలాపురం 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రాలయ్యాయన్న ధీమాతో మాత్రమే అద్దెలు అంచనా వేయకూడదు. ఇక్కడ చేతుల్లో డబ్బు ఆడటానికి ఆక్వా ఒక పెద్ద ఆధారం; 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల రైతు పడిన ఆందోళన మనం చూసినదే. రోగులకు చిరునామా అలవాటైన వైద్యుడు సులభంగా చోటు మారడు, అది మేలే. అయితే వారానికోసారి వచ్చే స్పెషలిస్టుకు పెద్ద పోర్షన్ అక్కరలేదు. ఒకే గదిని రోజుకొకరు వాడుకునే ఏర్పాటు ఉంటే ఖాళీలు తగ్గుతాయి.

యజమాని వార్షిక రాబడి 20 లక్షలు దాటితే అద్దెపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. వైద్యసేవలకు మినహాయింపు ఉన్నందున వైద్యుడు దానిని తిరిగి రాబట్టుకోలేడు. అతడు బేరమాడేది అద్దె, పన్ను కలిపిన మొత్తం మీదేనని ముందే గ్రహించాలి. ఏడాదికి మించిన లీజును తప్పక రిజిస్టరు చేయించి, డెంటల్ కుర్చీల నీటి పైపులు ఎక్కడ రావాలో స్లాబు వేయకముందే వైద్యుడి చేత ప్లాను మీద గుర్తు పెట్టించుకోవాలి.