రోగి ఒంటిని చదవడం, 3వ పాఠం: తట్టి వినడం

కళ్లతో చూడటం, చేత్తో తాకి చూడటం అయ్యాయి. ఇవాళ చెవి పని. స్టెతస్కోపు మాత్రం పక్కన పెట్టేయండి, దాని వంతు వచ్చే పాఠంలో.

ముందు కాస్త కథ చెప్పాలి, ఈ విద్యను నేర్చుకునే తీరు అందులోనే ఉంది. 1761లో వియన్నా డాక్టరు లియోపోల్డ్ అవెన్‌బ్రుగ్గర్, ఛాతీని వేళ్లతో తట్టి లోపలి జబ్బు పసిగట్టవచ్చని లాటిన్‌లో చిన్న పుస్తకం రాశాడు. వాళ్ల నాన్నకు సత్రం ఉండేది. పీపాలో వైన్ ఎంతుందో తట్టి చూడటం అక్కడే అబ్బిందంటారు. పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1770లో ఒకాయన ఫ్రెంచిలోకి తెచ్చాడు గానీ, తాను మాత్రం తట్టి చూడలేదని తనే ఒప్పుకున్నాడు. ఇక చదివినవాళ్లు ఎందుకు తడతారు?

దాన్ని బతికించింది జాన్ నికోలా కోర్విసార్. 1755లో ఫ్రాన్స్‌లోని డ్రికూర్ అనే పల్లెలో పుట్టాడు. ఇంట్లో లాయరును చేద్దామనుకుంటే ఈయన వైద్యం వైపు వెళ్లాడు. విగ్గు పెట్టుకోనన్నందుకు పారిస్‌లో ఒక ఆస్పత్రి ఉద్యోగం పోయిందట. (ఆ మొండితనమే నాకు నచ్చింది.) 1788లో షారితే ఆస్పత్రిలో చేరాడు, 1795లో ప్రొఫెసర్ అయ్యాడు. పాఠమంతా రోగి మంచం పక్కనే. ఛాతీ తట్టి లోపల ఏముందో ముందే చెప్పేవాడు. రోగి చనిపోతే శవాన్ని కోసి, తన మాట నిజమో కాదో శిష్యుల ముందే తేల్చుకునేవాడు. 1808లో, నెపోలియన్‌కు సొంత డాక్టరుగా ఉన్న రోజుల్లో, ఆ లాటిన్ పుస్తకాన్ని అనువదించి, మూలాన్ని మించిన వ్యాఖ్యానం జోడించాడు. కొత్తగా తిరగరాసి తన పేరు వేసుకోవచ్చు, కానీ నిలబెట్టాల్సింది అవెన్‌బ్రుగ్గర్ పేరు అని ముందుమాటలో రాసుకున్నాడు. ఆ ముసలాయన మరుసటి ఏడే కన్నుమూశాడు.

ఇక చేతి పని. వీళ్లిద్దరూ నేరుగా ఛాతీ మీదే తట్టేవారు. మధ్యలో ఏదైనా అడ్డు పెట్టి తట్టడం 1820ల్లో పియొరీ అనే ఫ్రెంచి డాక్టరుతో మొదలైంది. మనకు ఆ అడ్డు మన వేలే.

ఎడమ మధ్యవేలిని పక్కటెముకల సందులో గట్టిగా ఆనించండి. మిగతా వేళ్లు ఒంటికి తగలకూడదు, తగిలితే శబ్దం అణిగిపోతుంది. కుడి మధ్యవేలిని కొక్కెంలా వంచి, ఎడమ వేలి చివరి కణుపు మీద కొట్టండి. కదలాల్సింది మణికట్టు, మోచెయ్యి కాదు. వేడి పెనం తగిలినట్టు వేలు వెంటనే లేచిపోవాలి. ఒకచోట రెండు దెబ్బలు చాలు. గోరు కత్తిరించుకోండి. నేను బద్ధకించి, మొదటి వారమంతా ఎడమ వేలి మీద నెలవంకలు వేసుకు తిరిగాను.

ముందు మీ తొడ మీద కొట్టండి: మొద్దు శబ్దం. ఇప్పుడు కుడి కాలర్ బోన్ మధ్య నుంచి నిట్టనిలువుగా కిందికి దిగండి. మొదట ఖాళీ కుండలా మోగుతుంది, అది ఊపిరితిత్తి. అయిదో పక్కటెముక దాటాక ఎక్కడో మోత ఆగిపోతుంది, అక్కడ కాలేయం. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి, ఆ హద్దు కిందికి జారుతుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినవాళ్లలో అయితే బండరాయిని కొట్టినట్టే ఉంటుంది. ఈ తేడా చాలాసార్లు చెవి కంటే ముందు వేలికే తెలుస్తుంది. తెలియలేదని టెన్షన్ పడకండి, మొదటి రోజు ఎవరికీ తెలియదు.

హోంవర్క్: 20 లీటర్ల నీళ్ల డబ్బాను ఇంట్లో ఎవరితోనైనా మీకు తెలియకుండా కొంత నింపించండి. కళ్లు మూసుకుని, పైనుంచి కిందికి తడుతూ నీటిమట్టం అనుకున్నచోట సుద్దతో గీత పెట్టండి. కళ్లు తెరిచి చూసుకోండి. తప్పు ఒక వేలి మందంలోకి వచ్చేదాకా రోజూ పది సార్లు.

వచ్చే పాఠం కోర్విసార్ శిష్యుడు, స్టెతస్కోపు కనిపెట్టిన లేనెక్‌ది. ఒక పాత నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి, గొట్టంలా చుట్టాలి.